ఒళ్లంతా దెబ్బలతో వచ్చిన పేషెంట్‌కి మెయిన్ డాక్టర్ ఎవరు?

కోదాడ_రవి
మా బామ్మర్ది బైక్ మీద వస్తుంటే విజయవాడ హైవే మీద డీసీఎం గుద్దింది. తొడ ఎముక విరిగింది, ఎడమవైపు పక్కటెముకలు విరిగాయి, తలకి దెబ్బ, లోపల ప్లీహం (పొట్టలో ఎడమవైపు ఉండే స్ప్లీన్) చిట్లింది. దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లో కట్టు కట్టి సెలైన్ పెట్టి సిటీకి పంపించారు. వెళ్లింది పెద్ద ఆసుపత్రికే. పేరు చెప్పను, గొడవ పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు.

అక్కడ అందరూ వచ్చి చూశారు. ఆర్థో ఆయన "మా వైపు నుంచి రెడీ, న్యూరో క్లియరెన్స్ రావాలి" అన్నాడు. న్యూరో ఆయన "తల స్కాన్ ప్రస్తుతానికి బాగుంది, మళ్లీ ఒకటి తీద్దాం" అన్నాడు. సర్జన్ "పొట్టలో కొంచెం రక్తం ఉంది, గమనిద్దాం" అన్నాడు. ఛాతీకి ట్యూబ్ వేసినాయన వేసి వెళ్లిపోయాడు. ఎవరి మాటకి వాళ్లు కరెక్టే. మొత్తంగా మనిషి ఎలా ఉన్నాడని అడిగితే మాత్రం చెప్పే నాథుడు లేడు. ఫైల్ మీద ఆర్థో పేరుంది. ఆయన్ని పొట్ట గురించి అడిగితే సర్జరీ వాళ్లని అడగమంటాడు. అర్ధరాత్రి దాటాక బీపీ పడిపోయింది. సిస్టర్ ముందు ఆర్థో డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసింది. ఆయన సర్జరీకి చెప్పమన్నాడు. సర్జరీ ఆయన ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లో ఉన్నాడు. చివరికి తెల్లవారుజామున పొట్ట కోసి ప్లీహం తీసేశారు. దేవుడి దయ వల్ల బతికాడు. తర్వాత తొడకి రాడ్ కూడా వేశారు, ఇప్పుడు వార్డులో ఉన్నాడు.

ఇలాంటి పేషెంట్‌ని అసలు ఎవరి కింద పెట్టాలి? ఎక్కడైనా ఇంతేనా? దీనికంటూ ఒక పద్ధతి ఉందా లేదా?

బెజవాడ_బాబీ
అచ్చం మా బాబాయికి జరిగిందే. నలుగురు డాక్టర్లు, నాలుగు మాటలు. బిల్లులో మాత్రం నాలుగు కన్సల్టేషన్లూ వరసగా పడ్డాయి.

పాలమూరు_పద్మ
పెళ్లి వంటకి కూడా ఒక హెడ్ వంటమాస్టర్ ఉంటాడు కదా. ప్రాణం మీదికొచ్చిన చోట ఆ ఒక్కడు లేకపోతే ఎట్ల?

క్యాజువాలిటీ_డాక్టర్
రవి గారూ, పద్ధతి ఉంది. చాలా ఏళ్లుగా ఉంది. 1976లో అమెరికాలోని నెబ్రాస్కాలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టర్ నడుపుతున్న చిన్న విమానం పొలాల్లో కూలిపోయింది. భార్య అక్కడే చనిపోయింది. పిల్లల్లో ముగ్గురికి తీవ్ర గాయాలు. దగ్గర్లోని ఆసుపత్రిలో వాళ్లకి జరిగిన వైద్యం చూసి ఆయన తట్టుకోలేకపోయాడు. ఆ బాధలోంచే ఒక శిక్షణ పుట్టింది. 1978లో మొదటి కోర్సు జరిగింది, 1980లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ దాన్ని తీసుకుంది. ఈ రోజు మేమందరం చదివే ఏటీఎల్ఎస్ (అడ్వాన్స్‌డ్ ట్రామా లైఫ్ సపోర్ట్) అదే.

అందులో అసలు సంగతి వరస. పైకి ఘోరంగా కనిపించే గాయం వెంట పడకూడదు, ముందు చంపేదాన్ని ముందు ఆపాలి. ధారగా కారే రక్తం ఆపు, ఊపిరి దారి చూడు (మెడ కదలకుండా), శ్వాస చూడు, రక్త ప్రసరణ చూడు, స్పృహ చూడు, బట్టలు తీసి ముందూ వెనకా చూసి వెంటనే దుప్పటి కప్పు. ఇదంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి చేసేది కాదు. ఒక టీమ్ ఒకేసారి చేస్తుంది. ఒకరు తల దగ్గర, ఒకరు ఛాతీ దగ్గర, ఇద్దరు సిస్టర్లు చెరో చేతికి లావు సూదులతో, ఒకరు పొట్ట మీద అల్ట్రాసౌండ్‌తో, ఒకరు టైమ్‌తో సహా అన్నీ రాస్తూ. టీమ్ లీడర్ పేషెంట్ కాళ్ల వైపు నిలబడతాడు. వీలైనంత వరకు చెయ్యి పెట్టడు. చెయ్యి పెడితే చూపు ఆ ఒక్క గాయం మీదికే పోతుంది కాబట్టి.

మీ బామ్మర్దికి నలుగురు స్పెషలిస్టులు దొరికారు. లేనిది ఆ కాళ్ల దగ్గర నిలబడే మనిషి.

బెజవాడ_బాబీ
డాక్టర్ గారూ, మీరు రాసింది ప్రతి అక్షరం అర్థమైంది. చీటీ మీద కూడా ఇలాగే రాయండి, మెడికల్ షాప్ వాళ్లు దీవిస్తారు.

ఎముకల_పీజీ
ఆర్థో తరఫున ఒక మాట. "న్యూరో క్లియరెన్స్ రావాలి" అనడం తప్పించుకోవడం కాదు. తొడ ఎముక విరిగితే బయటికి చుక్క కనిపించకపోయినా లోపలే లీటరు దాకా రక్తం పోవచ్చు. అలాంటి మనిషికి మొదటి రాత్రే గంటల తరబడి రాడ్ ఆపరేషన్ చేస్తే ఇంకా రక్తం పోతుంది, ఒళ్లు చల్లబడుతుంది, రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, రక్తం గడ్డకట్టడం మానేస్తుంది. ఈ చివరి మూడూ కలిస్తే మనిషి దక్కడం కష్టం.

అందుకే డ్యామేజ్ కంట్రోల్ అనే పద్ధతి వచ్చింది. మొదటి రోజు రక్తస్రావం ఆపి, ఎముకకి బయటి నుంచి రాడ్లతో ఫిక్సేటర్ బిగించి, ఐసీయూలో ఒళ్లు వెచ్చబెట్టి, రక్తం ఎక్కించి, కుదుటపడ్డాక అసలు ఆపరేషన్. మనిషి నిలకడగా ఉంటే మాత్రం తొడ ఎముకని తొందరగా ఫిక్స్ చేయడమే మంచిది, ఆలస్యమైతే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఈ రెండింట్లో ఏది అనేది ఆర్థో ఒక్కడే తేల్చలేడు.

నా ఉద్దేశంలో పాలీట్రామా, అంటే ఒంట్లో చాలా చోట్ల తీవ్ర గాయాలున్న కేసుని జనరల్ సర్జరీ కిందే అడ్మిట్ చేయాలి. ఆర్థో కింద వద్దు.

వైజాగ్_సర్జన్
తమ్ముడూ, అలా తేలిగ్గా అనేయకు. టీచింగ్ హాస్పిటల్‌లో సర్జరీ డ్యూటీ యూనిట్‌కి ఒక రాత్రిలో అపెండిసైటిస్‌లు, పేగు చిల్లులు, కుళ్లిన కాళ్లు అన్నీ వస్తాయి. పైన యాక్సిడెంట్లన్నీ మా కింద రాస్తే డిపార్ట్‌మెంట్ పేరు మారుతుంది అంతే. పేపర్ మీద మా పేరుండి, మేము ఓటీలో ఉంటే రవి గారి కథే మళ్లీ జరుగుతుంది.

అసలు కష్టం ఎక్కడో చెప్తాను. పొట్టలో రక్తం కారుతున్నప్పుడు, ఆపే దాకా బీపీని మరీ పెంచొద్దు అనేది మా లెక్క. పెంచితే ఇంకా కారుతుంది. తలకి గాయమైతే బీపీ అసలు తగ్గకూడదు, తగ్గితే మెదడుకి రెండో దెబ్బ. రెండూ ఒకే మనిషికి ఉంటే? సర్జన్ ఒక నంబర్ చెప్తాడు, న్యూరో ఇంకొకటి చెప్తాడు. రెండూ పుస్తకంలో ఉన్నవే. మంచం పక్కన నిలబడి "ఈయనకి ఇంత ఉంచుదాం, ఇంకో గంటలో ఓటీకి తీసుకెళ్దాం" అని తేల్చే మనిషి కావాలి. అతను సర్జనా, మత్తు డాక్టరా, ఎమర్జెన్సీ డాక్టరా అన్నది నాకు పట్టింపు లేదు. డ్యూటీ చార్ట్‌లో ఆ రాత్రికి ఆ పేరు ఉండాలి, ఆయన మాట మిగతావాళ్లు వినాలి.

ఎముకల_పీజీ
సార్, వినాలి అన్నది మీరు రాశారు కాబట్టి సరిపోయింది. పీజీని లీడర్‌గా పెడితే ప్రొఫెసర్ వింటారా?

వైజాగ్_సర్జన్
వినరు. అందుకే లీడర్‌గా సీనియర్ ఉండాలంటున్నాను, ఫోన్‌లో కాదు, ఎదురుగా.

ఐసీయూ_సిస్టర్
మా వైపు నుంచి కూడా వినండి. మూడు డిపార్ట్‌మెంట్లు చూస్తున్న పేషెంట్ కేస్ షీట్ ఎలా ఉంటుందో తెలుసా? న్యూరో రౌండ్ వచ్చి తలవైపు 30 డిగ్రీలు ఎత్తమని రాస్తారు. వెన్నెముక ఇంకా తేలలేదు, పడుకోబెట్టే ఉంచమని ఆర్థో రాస్తారు. నోటి ద్వారా ఏమీ వద్దని సర్జరీ. ముక్కు గొట్టంతో ఫీడ్స్ మొదలుపెట్టమని ఇంకొకరు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇవ్వమని ఆర్థో, తలలో రక్తం ఉంది కాబట్టి ఇవ్వొద్దని న్యూరో. అన్నీ ఒకే రోజు, ఒకే షీట్‌లో, కింద సంతకాలతో. ఏది చెయ్యాలి మేము?

మొదటిదానికి జవాబు ఉంది. నడుము దగ్గర వంచకుండా మంచం మొత్తాన్ని తలవైపు ఎత్తితే ఇద్దరి మాటా నిలబడుతుంది. అనుభవమున్న సిస్టర్‌కి తెలుసు, కొత్త పిల్లకి తెలియదు. హెపారిన్ సంగతి మాత్రం మేము తేల్చేది కాదు.

ఇంతకు ముందు పనిచేసిన చోట మా ఇన్‌చార్జ్ మేడం ఒక పని చేశారు. పాలీట్రామా పేషెంట్ ప్రతి మంచం దగ్గర తెల్ల బోర్డు పెట్టించారు. దాని మీద మెయిన్ డాక్టర్ పేరు, ఫోన్ నంబర్, ఆయన ఎత్తకపోతే రెండో పేరు, బీపీ ఎంతకి తగ్గితే ఫోన్ చేయాలి, ఈ రోజు ఏ ఆపరేషన్. పొద్దున అన్ని డిపార్ట్‌మెంట్ల వాళ్లూ ఒకేసారి వచ్చి ఆ బోర్డు ముందే మాట్లాడుకోవాలి. మొదట్లో డాక్టర్లు విసుక్కున్నారు. తర్వాత బోర్డు ఖాళీగా ఉంటే వాళ్లే అడిగేవారు. దీనికి పెద్ద ఖర్చేం కాలేదు.

కోదాడ_రవి
సిస్టర్ గారూ, ఆ రాత్రి మా దగ్గరున్న అమ్మాయి కూడా పాపం ఏడుపు ఒక్కటే తక్కువ. ఆమె తప్పు లేదని మాకూ తెలుసు.

అంబులెన్స్_అన్న
ఇదంతా ఆసుపత్రి లోపలి కథ. నేను గతంలో 108లో చేశాను. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన సర్వీస్ అది, మన దగ్గర పుట్టి తర్వాత వేరే రాష్ట్రాలకీ వెళ్లింది. కానీ బండి రావడం వేరు, బండి సరైన చోటికి వెళ్లడం వేరు. ఒళ్లంతా దెబ్బలున్న మనిషిని సీటీ స్కాన్, రక్తం, రాత్రిపూట మత్తు డాక్టర్ లేని చోటికి తీసుకెళ్తే అక్కడ పోయే టైమ్ తిరిగి రాదు.

చుట్టూ ఉన్న జనం "ముందు పక్కనున్న ఆసుపత్రికి పోనియ్" అని తలుపు కొడతారు. వాళ్ల ఆవేశం అర్థం చేసుకోవచ్చు. ఊపిరి అందకపోతే, రక్తం ఆగకపోతే దగ్గరికే వెళ్లాలి, అది నిజం. మిగతా సందర్భాల్లో ఇంకాస్త దూరమైనా అన్నీ ఉన్న చోటికి వెళ్లడమే మేలు. దారిలోంచే ఫోన్ చేసి "ముప్పై ఏళ్ల మగ మనిషి, తొడ విరిగింది, బీపీ ఇంత, పావుగంటలో వస్తున్నాం" అని చెప్పాలి. ఆ ఫోన్ ఎత్తేవాళ్లు అవతల ఉండాలి. చాలా చోట్ల మేము చేరాకే స్ట్రెచర్ కోసం వెతుకులాట.

పాలమూరు_పద్మ
హైవేల మీద ట్రామా సెంటర్ అని బోర్డులు చాలా చూసిన. లోపల ఏముంటదో?

అంబులెన్స్_అన్న
అక్కా, కేంద్రం డబ్బులతో జాతీయ రహదారుల వెంట ఉన్న ప్రభుత్వ ఆసుపత్రుల్లో ట్రామా సెంటర్లు కట్టారు. కొన్ని బాగా నడుస్తున్నాయి. కొన్నిట్లో బిల్డింగ్ ఉంటుంది, మెషీన్ ఉంటుంది, రాత్రి పదకొండు దాటితే సర్జన్ ఉండడు. బోర్డు చూసి లోపలికి తిప్పితే మళ్లీ రెఫరల్.

లీడ్స్_శ్రీ
ఇంగ్లండ్‌లో పనిచేస్తున్నాను. ఇక్కడా ఒకప్పుడు ఇలాగే ఉండేది. ఏ ఆసుపత్రి దగ్గరుంటే అక్కడికే. 2010లో లండన్‌లో, 2012లో ఇంగ్లండ్ మొత్తం మేజర్ ట్రామా సెంటర్లు పెట్టారు. తీవ్ర గాయాలైతే అంబులెన్స్ చిన్న ఆసుపత్రుల్ని దాటుకుని నేరుగా అక్కడికి వెళ్తుంది. పేషెంట్ వచ్చేసరికి కన్సల్టెంట్‌తో (ఇక్కడ సీనియర్ డాక్టర్‌ని అలా అంటారు) సహా టీమ్ సిద్ధంగా ఉంటుంది.

నాకు నచ్చింది డబ్బుల ముడి. పేషెంట్ చేరిన ఐదు నిమిషాల్లో కన్సల్టెంట్ రావడం లాంటి షరతులు పాటిస్తే ఆసుపత్రికి అదనంగా డబ్బు ఇచ్చే ఏర్పాటు చేశారు. ఎప్పుడు వచ్చారో రాసి పెట్టాలి. రాయకపోతే డబ్బు రాదు. ఆ తర్వాత అందరూ టైమ్‌కి రావడం నేర్చుకున్నారు!

ట్రామా కోఆర్డినేటర్ అని ఒక నర్సు ఉంటుంది. చేరినప్పటి నుంచి ఇంటికి వెళ్లే దాకా పేషెంట్ కథ మొత్తం ఆమె దగ్గర ఉంటుంది. రవి గారి లాంటి వాళ్లు ఫోన్ చేసేది ఆమెకే.

బెజవాడ_బాబీ
ఇంగ్లండ్ కబుర్లు బాగున్నాయి అన్నా, మన దగ్గర అయ్యే పనేనా?

క్యాజువాలిటీ_డాక్టర్
బాబీ గారూ, మన దేశంలోనే ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో జయప్రకాశ్ నారాయణ్ ట్రామా సెంటర్ పూర్తిగా దీనికోసమే. ట్రామా సర్జరీ అని విడిగా డిపార్ట్‌మెంట్ ఉంది, అందులో ఎంసీహెచ్ (సర్జరీలో సూపర్ స్పెషాలిటీ) చదువు కూడా ఉంది. పక్కనే తమిళనాడు ఉంది. 2021 డిసెంబర్‌లో మొదలుపెట్టిన పథకంలో ఆ రాష్ట్ర రోడ్ల మీద యాక్సిడెంట్ అయితే మొదటి 48 గంటల వైద్యం ఉచితం. బాధితుడు తమిళనాడు వాడే కానక్కర్లేదు, చెన్నై దారిలో దెబ్బ తగిలిన మన నెల్లూరు మనిషికీ వర్తిస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రులతో పాటు ఎంపిక చేసిన ప్రైవేటు ఆసుపత్రులూ అందులో ఉన్నాయి.

లాయర్_లక్ష్మి
డబ్బు మాట వచ్చింది కాబట్టి అందరూ గుర్తుంచుకోవాల్సినవి. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీం కోర్టు తేల్చి చెప్పింది: ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు లాంఛనాలు తర్వాత. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించి 134ఏ సెక్షన్ పెట్టారు. మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసులుండవు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.

2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకి దేశమంతా క్యాష్‌లెస్ పథకం ఉంది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, మనిషికి లక్షన్నర దాకా. పథకంలో చేరిన ఆసుపత్రి అయి ఉండాలి, పోలీసుల నుంచి ధ్రువీకరణ కావాలి. డిశ్చార్జ్ నాడు కాదు, చేర్చేటప్పుడే అడగండి.

బెజవాడ_బాబీ
లక్షన్నర ఐసీయూలో ఎన్నాళ్లు ఆగుతుంది మేడం? వెంటిలేటర్ మీద ఉంటే మూడో రోజుకే మాయం.

లాయర్_లక్ష్మి
నిజమే, చాలదు. కానీ అడ్వాన్స్ కట్టేదాకా ఆపరేషన్ ఆపే మొదటి రాత్రి దాటించడానికి అది పనికొస్తుంది. తర్వాతి దానికి తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉంది, ఆంధ్రలో ఇప్పుడు దాన్నే ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. అందులో పాలీట్రామా అని విడి విభాగమే ఉంది. ఆసుపత్రిలో ఆ పథకం డెస్క్ దగ్గర ఆ మాట వాడి అడగండి, ఫ్రాక్చర్ అని మాత్రమే రాస్తే ఆ ఒక్కదానికే అప్రూవల్ వచ్చే ప్రమాదం ఉంది.

బ్లడ్‌బ్యాంక్_సురేష్
ఎవరూ రక్తం గురించి మాట్లాడలేదు. తీవ్రంగా రక్తం పోయిన కేసులో ఒక్కో సీసాకి ఒక్కో చీటీ రాస్తూ, ప్రతి చీటీకి అటెండర్‌ని పరిగెత్తిస్తూ కూర్చుంటే అయ్యేది కాదు. ఒక్క ఫోన్ కాల్‌తో ఎర్ర కణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు దాదాపు సమానంగా కలిపి ఒక పెట్టెలో వెళ్లిపోవాలి. అది అయ్యేలోపు మేము రెండోది సిద్ధం చేస్తాం. ఆ ఫోన్ చేసే అధికారం ఎవరికి అన్నది ముందే రాసి ఉండాలి. చూశారా, మళ్లీ అదే లీడర్ దగ్గరికి వచ్చాం.

చుట్టాలతో "ముందు డోనర్లని తెండి, తర్వాత రక్తం ఇస్తాం" అనడం ఎమర్జెన్సీలో తప్పు. డోనర్లు రేపొస్తారు, రక్తం ఇప్పుడు కావాలి.

క్యాజువాలిటీ_డాక్టర్
సురేష్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ట్రానెక్సమిక్ యాసిడ్ ఇంజెక్షన్. 40 దేశాల్లో ఇరవై వేల పైచిలుకు మంది మీద చేసిన క్రాష్-2 పరిశోధన 2010లో వచ్చింది. దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు ఇస్తే రక్తం పోయి చనిపోయేవాళ్లు తగ్గుతారు, మూడు గంటలు దాటాక ఇస్తే మేలు లేకపోగా కీడే. ఖరీదైన మందేమీ కాదు, చిన్న నర్సింగ్ హోమ్‌లోనూ ఉంటుంది. కాబట్టి రెఫర్ చేసేటప్పుడు ఇచ్చారా లేదా, ఎన్ని గంటలకి ఇచ్చారు అన్నది చీటీ మీద రాయాలి. మాకు వచ్చే రెఫరల్ చీటీల్లో సగం మీద "హయ్యర్ సెంటర్‌కి పంపుతున్నాం" అని ఒక్క లైనే ఉంటుంది.

పాలమూరు_పద్మ
మా నాయనకి ట్రాక్టర్ బోల్తా పడి పెల్విస్ (కటి ఎముక) విరిగింది. దాన్ని మంచిగనే బాగు చేసిండ్రు. ఇంటికొచ్చి వాకర్ పట్టుకుంటే మణికట్టు నొప్పి అన్నడు. ఎక్స్‌రే తీస్తే అది కూడా విరిగిందట. అన్ని రోజులు ఎవరూ చూడలే.

వైజాగ్_సర్జన్
పద్మ గారూ, ఇది చాలా మామూలుగా జరిగేదే. పెద్ద గాయం ఉన్నప్పుడు చిన్నది మరుగున పడుతుంది, పేషెంట్ స్పృహలో లేకపోతే చెప్పలేడు కూడా. అందుకే చేరిన 24 గంటల్లో, మళ్లీ మనిషి తెలివిలోకి వచ్చాక, తల నుంచి కాలి వేలి దాకా మొదటి నుంచి పరీక్ష చేయాలి. స్కాన్‌లన్నీ మళ్లీ చూడాలి. దీన్ని టెర్షియరీ సర్వే అంటాం. అది ఏ డిపార్ట్‌మెంట్ పనీ కాదు, కాబట్టి ఎవరూ చేయరు. మెయిన్ డాక్టర్ ఉంటే ఆయన పని.

ఐసీయూ_సిస్టర్
రవి గారూ, ఒక ప్రశ్న. ప్లీహం తీసేశారన్నారు కదా, టీకాలు వేశారా?

కోదాడ_రవి
టీటీ వేశారు సిస్టర్. ఇంకా ఏవైనా ఉన్నాయా?

ఐసీయూ_సిస్టర్
ఉన్నాయి. ప్లీహం లేని మనిషికి కొన్ని రకాల బ్యాక్టీరియా సోకితే గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. న్యుమోకాకల్, మెనింగోకాకల్, హిబ్ టీకాలు వేయించాలి. ఎమర్జెన్సీగా తీసినవాళ్లకి మామూలుగా ఆపరేషన్ అయిన రెండు వారాలకి వేస్తారు. మళ్లీ వస్తారో రారో అనుకుంటే డిశ్చార్జ్ లోపే వేసి పంపిస్తారు. ఏటా ఫ్లూ టీకా కూడా. మీ డిశ్చార్జ్ ఆర్థో నుంచి అవుతుంది, వాళ్ల సమరీలో తొడ గురించే ఉంటుంది. అడిగి రాయించుకోండి.

ఎముకల_పీజీ
సిస్టర్ చెప్పింది నిజం. మా సమరీ మూసలో ఆ గడే ఉండదు. రవి గారూ, సర్జరీ వాళ్ల చేత విడిగా ఒక పేజీ రాయించి దీనికి పిన్ చేయించండి. ఏ ఆపరేషన్ ఎప్పుడు చేశారు, ఏ టీకా ఎప్పుడు, కుట్లు ఎవరు తీస్తారు, కాలి మీద బరువు ఎప్పటి నుంచి వేయొచ్చు, తలకి మళ్లీ స్కాన్ అవసరమా. ఫిజియోథెరపీ ఎవరు మొదలుపెడతారో కూడా అడగండి. అన్నీ ఒకే చోట ఉండాలి.

కోదాడ_రవి
ఇప్పుడే వెళ్లి అడిగాను. ఆర్థో పీజీ మంచివాడు, సర్జరీ వాళ్లకి తనే ఫోన్ చేశాడు. సాయంత్రం వచ్చి రాసిస్తామన్నారు. మెనింగోకాకల్ ఇక్కడ ఫార్మసీలో లేదట, బయట తెచ్చుకోమన్నారు. ఎవరికైనా హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుందో తెలుసా?

బ్లడ్‌బ్యాంక్_సురేష్
పిల్లల ఆసుపత్రుల ఫార్మసీల్లో ముందు ఫోన్ చేయండి, అక్కడే ఎక్కువగా ఉంటుంది. హజ్ యాత్రికులకి కూడా ఇదే టీకా వేస్తారు, కాబట్టి ట్రావెల్ వ్యాక్సిన్ క్లినిక్‌ల్లోనూ దొరుకుతుంది. తెచ్చేటప్పుడు ఐస్ పెట్టెలో తేవాలి.

ఐసీయూ_సిస్టర్
ఇంకొకటి. టీకాలు వేసినా సరే, చలి జ్వరం వస్తే రేపు చూద్దాం అనుకోకండి, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్లీహం లేదని ఒక చిన్న కార్డు మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి అతని పర్సులో పెట్టండి.

కోదాడ_రవి
రాస్తున్నాను సిస్టర్. మా చెల్లెలి దగ్గర కూడా ఒకటి ఉంచుతాను.